గుణుపురం నుంచి విశాఖకి: ఇప్పుడే తొమ్మిదిలో చేరాలా, మెట్రిక్ దాకా ఆగాలా?

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిది పాసయ్యావు, ఒడిశా గుణుపురంలో ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. నాన్నగారికి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం వచ్చింది, గాజువాకలో ఇల్లు చూస్తున్నారు, తమ్ముడు ఐదులోకి వస్తున్నాడు. అమ్మమ్మ ఏమో "మెట్రిక్ అయ్యేదాకా పిల్లని నా దగ్గర ఉంచండి" అంటోంది, బాబాయి ఏమో "విశాఖలో హాస్టల్ ఉన్న ఐఐటీ ఫౌండేషన్ స్కూల్లో పడేయండి" అంటున్నాడు. నిన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఎవరి మాట వినాలి, ఏ స్కూల్ మంచిది, అక్కడ నన్ను ఒడియా పిల్ల అంటారా అని మూడు ప్రశ్నలు అడిగావు. మూడో ప్రశ్న చివర్లో భయంభయంగా రాశావు గానీ నా లెక్కలో అది చిన్న ప్రశ్న కాదు, దానికీ వస్తాను.

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. వెళ్లేటట్టయితే ఇప్పుడే వెళ్లు, తొమ్మిదిలో చేరు, అమ్మానాన్నలతో ఒకే ఇంట్లో ఉండి చదువు. అది కుదరకపోతే అమ్మమ్మ దగ్గరే ఉండి మెట్రిక్ పూర్తి చేసి అప్పుడు వెళ్లు, అందులోనూ తప్పేం లేదు. చేయకూడని పని ఒక్కటే ఉంది: తొమ్మిది ఇక్కడ చదివి, పదో తరగతికి అక్కడ చేరదామనుకోవడం. ఇక హాస్టల్ సంగతి, పద్నాలుగేళ్ల పిల్లకి, అమ్మానాన్నలు అదే ఊళ్లో ఉండగా, అసలు ఆలోచించాల్సిన విషయమే కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ చేయకూడని పని నేను చేశాను. నాదీ గుణుపురమే. 1993లో పదో తరగతి మొదలైన రెండు నెలలకి మా నాన్న విశాఖలో పనికి కుదిరారు, అప్పుడు మనకి నౌపడా దాకా చిన్న రైలే, ట్రంకు పెట్టెలతో ఆ రైల్లో వెళ్లాం. విశాఖలో మూడు స్కూళ్లు తిరిగాం. రెండింటిలో పదో తరగతిలో కొత్తవాళ్లని తీసుకోం అన్నారు. మూడో స్కూల్లో తీసుకున్నారు, ఫీజు కట్టించుకున్నారు, నాలుగు నెలలు కూర్చోబెట్టారు, పరీక్ష ఫీజు కట్టే సమయానికి మాత్రం నీ పేరు పంపడం కుదరదు, నీది వేరే రాష్ట్రం రికార్డు, వచ్చే ఏడాది తొమ్మిది నుంచి మొదలుపెట్టు అన్నారు. మళ్లీ తొమ్మిది చదివాను. రెండేళ్లు పోయాయి అంటారు గానీ పోయింది ఆ రెండేళ్లే కాదు, నాకంటే చిన్నపిల్లల మధ్య వెనక బెంచీలో కూర్చున్న ఆ ఏడాదిలో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత చదువుకున్నాను, లెక్కల మాస్టారినయ్యాను, విశాఖలో స్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో కలిపి 24 ఏళ్లు పాఠాలు చెప్పాను, అందులో చివరి ఆరేళ్లు అడ్మిషన్ల పని కూడా నా మీదే ఉండేది. ఇప్పుడు రాయగడలో ఉంటున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం నుంచి వచ్చిన పిల్లల టీసీలు ఎన్ని చూశానో లెక్క లేదు, అందులో చాలామందికి వచ్చిన ఇబ్బంది చదువులో కాదు, ఏ తరగతిలో మారారన్న దగ్గరే.

తొమ్మిదే ఎందుకో చెప్తాను, ఇది నాన్నగారికి కూడా చదివి వినిపించు. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి రెండేళ్ల చదువుగా చూస్తారు. పిల్లల పేర్లు బోర్డులో రిజిస్టర్ చేసేది తొమ్మిదిలోనే. అందుకే వేరే బోర్డులో తొమ్మిది చదివిన పిల్లని నేరుగా పదిలోకి తీసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు. ఒక సీబీఎస్‌ఈ స్కూల్ నుంచి ఇంకో సీబీఎస్‌ఈ స్కూల్‌కి, తండ్రి బదిలీ లాంటి కారణం చూపించి మారడం వేరు, ఒడిశా బోర్డు నుంచి రావడం వేరు. "మేం చూసుకుంటాం, మీరు చేర్పించండి" అని ఎవరైనా అంటే అక్కడ ఏదో మెలిక ఉన్నట్టే. స్టేట్ బోర్డులో ఇంత కచ్చితమైన గోడ లేకపోయినా పది అంటే పబ్లిక్ పరీక్ష ఏడాది, భాష మారి, మీడియం మారి, ఊరు మారి అదే ఏడాది పబ్లిక్ రాయమనడం పిల్లకి అన్యాయం.

రెండో కారణం చాలామందికి ఇంటర్ అయ్యాకే తెలుస్తుంది, అప్పటికి చేయడానికి ఏమీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ద్వారా ఇచ్చే ఇంజనీరింగ్ సీట్లు కానీ, నీట్ మార్కులతో నింపే రాష్ట్ర కోటా మెడికల్ సీట్లు కానీ, 85 శాతం లోకల్ వాళ్లకి. లోకల్ అంటే అక్కడ పుట్టినవాళ్లు అని కాదు, తెలుగు మాట్లాడేవాళ్లు అని అసలే కాదు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా 4 విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంటర్ రెండో ఏడాది నుంచి వెనక్కి లెక్కపెట్టు: పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది. నువ్వు ఈ జూన్‌లో తొమ్మిదిలో చేరితే సరిగ్గా నాలుగేళ్లు పూర్తవుతాయి. పదిలో చేరితే మూడే. మెట్రిక్ అయ్యాక వెళ్తే రెండే. మిగతా 15 శాతంలోకి కూడా ఊరికే రానివ్వరు, తల్లిదండ్రులు రాష్ట్రంలో 10 ఏళ్లు ఉండి ఉండడమో, ప్రభుత్వ ఉద్యోగంలో ఉండడమో లాంటి షరతులున్నాయి. మన సరిహద్దు ఊళ్ల నుంచి ఇంటర్‌కి మాత్రమే విశాఖ వచ్చి, మంచి ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్ రోజు "నువ్వు నాన్‌లోకల్" అని విని ఏడ్చిన పిల్లల్ని నా కళ్లతో చూశాను. వాళ్ల ఇంటి భాష తెలుగే, వాళ్ల తాతల ఊరు పార్వతీపురమో టెక్కలో అయ్యుంటుంది, కానీ ఆ కాగితం అవేమీ చూడదు.

ఇదే లెక్క పదో తరగతి మీద ఇచ్చే సీట్లకి వేరేగా పడుతుంది, అదీ తెలుసుకో. ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్ లాంటి వాటికి అర్హత పరీక్ష పదో తరగతి కాబట్టి నాలుగేళ్లు అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి, ఏడు నుంచి అన్నమాట. చదువు లెక్కన నువ్వు వాటికి లోకల్ కావు. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ అని నాన్నగారు ఏమైనా అనుకుంటుంటే దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని చెప్పు.

ఎన్ఐటీల సంగతి ఇంకో రకం. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి, ఆ సొంత రాష్ట్రం ఏదో తేల్చేది నువ్వు పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యావు అన్నదే. ఒడిశాలో ప్లస్ టూ పాసైతే నీకు రూర్కెలా సొంత ఎన్ఐటీ, విశాఖలో ఇంటర్ పాసైతే తాడేపల్లిగూడెం. రూర్కెలా 1961 నాటి పాత కాలేజీ, తాడేపల్లిగూడెం 2015లో వచ్చింది. ఈ ఒక్క కారణంతో ఇక్కడే ఉండిపొమ్మని నేను చెప్పను, పద్నాలుగేళ్లకి ఎన్ఐటీ లెక్కలు వేసుకుని జీవితం నడిపించలేం, కానీ మెట్రిక్ దాకా ఆగుదాం అనుకునేవాళ్లు ప్లస్ టూ కూడా ఇక్కడే పూర్తి చేస్తే కలిసొచ్చే సీట్లు కొన్ని ఉన్నాయని తెలియడం మంచిది. సగం అక్కడ సగం ఇక్కడ అయినప్పుడే రెండువైపులా నష్టం.

కులం సర్టిఫికెట్ మాట ఎవరూ నీకు చెప్పి ఉండరు. ఒడిశాలో వెనకబడిన తరగతులకి ఎస్‌ఈబీసీ అని ఇచ్చిన సర్టిఫికెట్ ఆంధ్రాలో బీసీ సర్టిఫికెట్ కాదు. ఎస్సీ, ఎస్టీ అయినా అంతే, రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ అదే పేరు ఉన్నా సరే, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లినవాళ్లకి వెళ్లినచోట రాష్ట్ర రిజర్వేషన్ వర్తించదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కూడా తండ్రి ఉద్యోగం కోసం ఆంధ్రా నుంచి బొంబాయి వెళ్లి అక్కడే చదువుకున్న ఒక తెలుగు అబ్బాయిదే, మెడికల్ సీటు దగ్గర ఆగిపోయింది. ఐఐటీ, ఎన్ఐటీ, ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థలకి మాత్రం ఒడిశా సర్టిఫికెట్టే పనికొస్తుంది, ఓబీసీ అయితే కేంద్ర జాబితాలో ఒడిశా కింద మీ కులం ఉండాలి. అందుకని ఊరు వదిలే ముందు తహసీల్దార్ ఆఫీసులో కులం సర్టిఫికెట్, రెసిడెంట్ సర్టిఫికెట్ రెండూ తీసుకుని దాచుకోమను. తర్వాత విశాఖ నుంచి వచ్చి వాటికోసం తిరగడం, నాన్నగారికి ప్రతిసారీ రెండు రోజుల సెలవు.

ఇప్పుడు అమ్మమ్మ మాట. ఆవిడ చెప్పినదాన్ని నేను కొట్టిపారేయను. నాన్నగారి ఉద్యోగం నిలకడైనదా, ప్రొబేషనా, ఏడాదిలో మళ్లీ గుణుపురం వచ్చేసే అవకాశం ఉందా? ఉంటే మాత్రం నువ్వు ఇక్కడే ఉండు. ఏడాది అక్కడ, మళ్లీ ఇక్కడ అంటే నేను పైన వద్దన్న పదో తరగతి మార్పే ఇంకోవైపు నుంచి వచ్చి పడుతుంది. ఇక్కడ మెట్రిక్ పరీక్ష పెట్టే బోర్డు, బీఎస్‌ఈ ఒడిశా కూడా తొమ్మిదిలోనే రిజిస్ట్రేషన్ చేస్తుంది, గుర్తుంచుకో. ఉద్యోగం గట్టిదే అనుకుంటే మాత్రం, రెండేళ్లు అమ్మానాన్నలకి దూరంగా ఉండి, రేపు పదహారో ఏట ఒక్కసారిగా పెద్ద ఊళ్లో ఇంటర్ మొదటి ఏడాదిలో పడడం కన్నా, ఇప్పుడే వెళ్లి పబ్లిక్ లేని ఏడాదిలో తడబడడం మేలు. తొమ్మిదిలో మార్కులు తగ్గితే ఎవరికీ ఏమీ కాదు. ఇంటర్ మొదటి ఏడాదిలో తగ్గితే ఆ టెన్షన్ రెండేళ్లూ పోదు.

బాబాయి మాట. మీ ఊరికి కూడా పీఆర్వోలు, అంటే స్కూళ్ల తరఫున పిల్లల్ని చేర్పించడానికి తిరిగేవాళ్లు, వస్తున్నారు కదా, రంగుల కాగితాలు, ర్యాంకుల ఫోటోలు పట్టుకుని, ఇప్పుడు సీటు రిజర్వ్ చేస్తే రాయితీ అంటూ. వాళ్లలో మంచివాళ్లూ ఉంటారు, పొట్టకూటి కోసం తిరుగుతున్న కుర్రాళ్లే ఎక్కువ, కానీ వాళ్లకి తెలిసింది ఫీజు పట్టిక ఒక్కటే. ఫౌండేషన్ సిలబస్ అంటే తొమ్మిదిలోనే ఇంటర్ లెక్కలు మొదలుపెట్టడం. నీకు ఇప్పటికే మీడియం మారుతోంది. ఒడియాలో నేర్చుకున్న లెక్కలూ సైన్సూ ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడమే ఆరు నెలల పని. దాని మీద ఇంకో బరువు పెడితే రెండూ పోతాయి. రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, ఇంటికి ఫోన్ పదిహేను రోజులకోసారి, ఇలాంటిచోట కొత్త పిల్ల నాకు అర్థం కావట్లేదు అని చెప్పడానికి కూడా మనిషి దొరకరు. నేను అలాంటి క్యాంపస్‌లో రెండేళ్లు పనిచేశాను, రాత్రి డ్యూటీలో దుప్పటి కింద ఏడ్చే పిల్లల గొంతులు విన్నాను. బాబాయిగారికి నీ మీద ప్రేమ ఉండబట్టే అన్నారు, కానీ ఈ విషయంలో ఆయన మాట వినొద్దు.

ఇక స్కూల్ ఎంచుకోవడం. గాజువాకలో స్కూళ్లకి కొదవ లేదు, ప్రతి సందులో ఒక బోర్డు కనపడుతుంది. ముందుగా సీబీఎస్‌ఈనా స్టేటా అన్నది తేల్చుకోవాలి, దీనికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటే. ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి తెలుగు వాచకం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫోన్లో దించుకో. అందులో ఒక గద్య పాఠం తీసుకుని అమ్మమ్మ ముందు పైకి చదువు. నెమ్మదిగా అయినా సరే, తప్పులు పోయినా సరే, ఒక పేజీ చదివి అర్థం చెప్పగలిగితే నువ్వు స్టేట్ బోర్డుకి వెళ్లు. అమ్మమ్మ నీకు తెలుగు అక్షరాలు నేర్పిందని రాశావు కాబట్టి చదవగలవనే నా నమ్మకం. స్టేట్‌లో తెలుగు ప్రథమ భాష, పద్యాలుంటాయి, ఛందస్సు ఉంటుంది, పదిలో ఉపవాచకం రామాయణం. కష్టమే, కానీ రెండేళ్ల సమయముంది. పైగా అక్కడి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీలో అదే పాఠం తెలుగు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒడియా మీడియం నుంచి వచ్చి తెలుగు మాట్లాడే పిల్లకి ఇంతకంటే మంచి సాయం ఇంకోటి లేదు. నా రోజుల్లో ఇది లేదు.

ఒక పేజీ కూడా కదలకపోతే, సీబీఎస్‌ఈ చూసుకో, అక్కడ ఇంగ్లిష్‌తో పాటు హిందీ తీసుకునే వీలుంటుంది, నీకు మూడో భాష హిందీనే అయితే పనికొస్తుంది. సంస్కృతం చదివి ఉంటే అది ఉన్న స్కూల్ వెతకాలి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, సీబీఎస్‌ఈ స్కూళ్లలో తరగతులు ఏప్రిల్‌లోనే మొదలైపోతాయి, జూన్‌లో చేరితే రెండు నెలల పాఠం నువ్వే చూసుకోవాలి. స్టేట్ స్కూళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు.

బోర్డు మీద సీబీఎస్‌ఈ అని రాసి ఉంటే సరిపోదు. "సీబీఎస్‌ఈ సిలబస్", "సీబీఎస్‌ఈ ప్యాటర్న్" అని రాస్తారు, ఆ మాటలకి అర్థం అఫిలియేషన్, అంటే బోర్డు గుర్తింపు, లేదని. అఫిలియేషన్ నంబరు అడగండి, సీబీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి ఆ పేరూ ఆ చిరునామా అదేనా, పదో తరగతి దాకా అనుమతి ఉందా అని చూడండి. పిల్లలు చదివేది ఒకచోట, పరీక్షకి పేరు వెళ్లేది ఇంకో స్కూల్ నుంచి, ఇలాంటివి చాలా జరిగాయి. 2024 నవంబర్‌లో ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 స్కూళ్ల అఫిలియేషన్‌ని సీబీఎస్‌ఈ రద్దు చేసింది, హాజరు కాని పిల్లల్ని చదువుతున్నట్టు చూపించినందుకు. స్టేట్ స్కూల్ అయితే యూడైస్ కోడ్ (ప్రభుత్వ రికార్డులో ప్రతి స్కూల్‌కీ ఉండే నంబరు), పదో తరగతికి గుర్తింపు కాగితం అడగాలి. అడగడానికి మొహమాటపడకూడదు, సరైన స్కూల్ వాళ్లు ఒక్క నిమిషంలో చూపిస్తారు.

తర్వాత నువ్వు, అమ్మ కలిసి ఒకరోజు వెళ్లండి. ఇది నాన్నగారు ఒక్కరే ఆఫీసు అయ్యాక వెళ్లి ఫీజు మాట్లాడి వచ్చే పని కాదు. స్కూళ్లు తెరిచాక, పిల్లలు ఇంటికి వెళ్లే సమయానికి గేటు దగ్గర నిలబడండి. బయటికి వచ్చే పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో చూడు. తొమ్మిది, పది చదివే అమ్మాయిని ఒకర్ని ఆపి మాట్లాడు, లెక్కలు ఎవరు చెబుతారు, ఆయన పోయిన ఏడాది కూడా ఉన్నారా అని అడుగు. ఈ ఒక్క ప్రశ్న నా 24 ఏళ్ల అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చింది. మాస్టార్లు ఏడాదికోసారి మారిపోయే స్కూల్లో పిల్లని గుర్తుపెట్టుకునేవాళ్లుండరు, వెనకబడిందని కనిపెట్టేవాళ్లుండరు. వీలైతే ఆ పిల్ల నోట్సు ఒకటి చూడనివ్వమను, టీచర్ దిద్దిన ఎర్ర సిరా ఉందా, లేక టిక్కులే ఉన్నాయా. అమ్మని ఆడపిల్లల బాత్‌రూమ్ చూసి రమ్మను, నీళ్లు వస్తున్నాయా, తలుపుకి గడియ ఉందా. ఆడపిల్లలు నీళ్లు తాగకుండా రోజంతా కూర్చోవడం నేను ఎన్ని స్కూళ్లలో చూశానో, తలనొప్పులూ జ్వరాలూ అక్కడి నుంచే మొదలవుతాయి.

దూరం గురించి కూడా మొండిగా ఉండండి. ఇంటి నుంచి అరగంటలోపు చేరాలి, నడిచి వెళ్లగలిగితే ఇంకా మంచిది. సిటీలో ఎక్కడో పేరున్న స్కూల్ అని గాజువాక నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాటి రోజూ బస్సులో పోతే, ఆ ట్రాఫిక్‌లో పోయే రెండు గంటలు నీ నిద్రలోంచి పోతాయి. ఫీజు విషయం నాన్నగారు చూసుకుంటారు గానీ ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు అన్నీ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోమను. మెటీరియల్ ఫీజు అని మధ్యలో ఇంకోటి వస్తుంది. జిల్లా పరిషత్ హైస్కూల్‌ని కూడా చూసి రండి, పేరు వినగానే మొహం తిప్పుకోవద్దు. అక్కడి టీచర్లు డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి అదే సబ్జెక్టు చెప్పినవాళ్లు, నేను పైన చెప్పిన ప్రశ్నకి సరైన జవాబు ఎక్కువగా అక్కడే దొరికింది నాకు.

కాగితాల పని నీకు విసుగ్గా ఉంటుంది, అయినా ఈ వారమే నాన్నగారితో మీ హెడ్‌మాస్టారి దగ్గరికి వెళ్లు. టీసీ మీద ఎనిమిది పాస్ అని స్పష్టంగా ఉండాలి, తొమ్మిదిలో పేరు ఎక్కించేస్తే గందరగోళం. వేరే రాష్ట్రానికి వెళ్తున్నాం, విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం కావాలి అని అడగండి. యూడైస్‌లో నీ పేరుకి పెన్ నంబరు అని ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు ఉంటుంది, అది రాయించుకుని, ఆన్‌లైన్‌లో కూడా నిన్ను ఆ స్కూల్ నుంచి వదిలేశారో లేదో కనుక్కోండి, వదలకపోతే కొత్త స్కూల్‌కి నీ పేరు ఎక్కదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకో. నాలుగేళ్ల తర్వాత కౌన్సెలింగ్‌లో ఆరు నుంచీ అడుగుతారు, అప్పుడు గుణుపురం పరిగెత్తడం కష్టం.

అన్నిటికంటే ముఖ్యం నీ పేరు. మన వైపు స్కూళ్లలో ఇంటిపేరు చివర రాస్తారు, ఆడపిల్ల అయితే మధ్యలో కుమారి చేరుస్తారు, ఒక్కోసారి ఇంటిపేరు వదిలేసి రావు అనో పాత్రో అనో పెట్టేస్తారు. ఆంధ్రాలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒకలా, టీసీలో ఒకలా, నాన్నగారి కాగితాల్లో ఇంకోలా ఉంటే తొమ్మిదిలో రిజిస్ట్రేషన్ అయ్యేలోపే అన్నీ ఒకేలా చేయించండి. తొమ్మిదిలో ఎక్కిన పేరే పదో తరగతి సర్టిఫికెట్ మీదికి వస్తుంది, ఆ తర్వాత మార్చడం నరకం.

చదువులో ఏం జరుగుతుందో ముందే చెప్తాను, భయపడకుండా ఉంటావు. ఒడియా మీడియం లెక్కల పుస్తకంలో అంకెలు కూడా ఒడియావే కదా. విశాఖలో మొదటి పరీక్షలో నేను తొందరలో సగం అంకెలు ఒడియాలో వేశాను, మాస్టారు లెక్క కరెక్టో కాదో చూడకుండానే కొట్టేశారు. ఇప్పటి నుంచే ఇంట్లో లెక్క చేసేటప్పుడు 1, 2, 3 వేయడం అలవాటు చేసుకో. నీకు లసాగు అంటే తెలుసు, అక్కడ తెలుగులో కసాగు అంటారు, ఇంగ్లిష్‌లో ఎల్‌సీఎం. గసాగు అక్కడ గసాభా అవుతుంది. లెక్క అదే, పేరే మారింది. ఒక నోటు పుస్తకం పెట్టుకుని మూడు గడులు గీసి, ఒడియా మాట, తెలుగు మాట, ఇంగ్లిష్ మాట రాసుకో, సైన్సుకి ఇంకోటి. రోజుకి పది మాటలు చాలు, జూన్ దాకా చేస్తే నువ్వే ఆశ్చర్యపోతావు. ఎఫ్‌ఏ వన్‌లో, అంటే స్కూల్లో పెట్టే మొదటి పరీక్షలో, మార్కులు బాగా తగ్గుతాయి. నువ్వు మొద్దువైపోయావని కాదు, ఇది ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచు. డిసెంబర్‌కి సర్దుకుంటుంది, నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందికి అలాగే అయింది.

ఒడియా మాత్రం వదలకు. ఒడిశాలో సీట్లకీ, ఉద్యోగాలకీ రేపు అది అవసరం పడవచ్చు, ఆ సంగతి పక్కనపెట్టినా అది నీ చదువు భాష, నువ్వు మొదట కథలు చదివింది అందులోనే. నెలకో పుస్తకం చదువు. గుణుపురం నుంచి విశాఖకి ఇప్పుడు నేరుగా రైలుంది, రథయాత్రకి, దసరాకి అమ్మమ్మ దగ్గరికి వచ్చి వెళ్తుండు.

ఒడియా పిల్ల అంటారా అని అడిగావు కదా. అంటారమ్మా. కొన్నాళ్లు అంటారు. గుణుపురంలో మనల్ని తెలుగోళ్లు అంటారు, గీత దాటగానే ఒడియా వాళ్లం అయిపోతాం, 1936లో ఒడిశాని వేరే రాష్ట్రం చేసి ఆ గీత గీసినప్పటి నుంచి మన ఇళ్లలో ప్రతి తరం ఇది విన్నదే. నీ తెలుగులో యాస ఉందని నవ్వుతారు, నువ్వు అనే కొన్ని మాటలు అక్కడివాళ్లకి తెలియవు. నన్ను నవ్వినప్పుడు నేను మాట్లాడడమే మానేశాను, అదే నేను చేసిన తప్పు. నువ్వు మానకు. జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మాస్టారుగా పనిచేసింది మన పర్లాకిమిడిలోనే, మనలాంటి పిల్లల మధ్యే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా స్కూళ్లలో చేస్తారు. నువ్వు చేరిన రెండున్నర నెలలకి అది వస్తుంది. ఆ రోజు ఎవరైనా మాట్లాడతారా అని తెలుగు టీచర్ అడిగితే చెయ్యెత్తు. మన యాసలోనే, గిడుగు వారు పర్లాకిమిడిలో సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్లకి పుస్తకాలు రాసిన సంగతి రెండు నిమిషాలు చెప్పు. ఇప్పటి నుంచే రాసి పెట్టుకో, కావాలంటే నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

నాన్నగారు ఇల్లు ఖాయం చేసే ముందు స్కూల్ చూడమను, ఇల్లు దొరికాక స్కూల్ కాదు. ఏ వీధి అనుకుంటున్నారో రాయి, అక్కడి దగ్గరలో పాత మాస్టార్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, అడిగి చెప్తాను.